మల్లె పూచిన చేను

మల్లె అను మాట వినబడగానే లోకమునకు సువాసన స్ఫురించును గాని, కందుకూరు, కొండపి ప్రాంతముల పొగాకు రైతునకు ఆ మాట చెవిని పడినంతనే గుండెలో రాయి పడును. తోట మోకాలి యెత్తు దాటి, ఆకు చేటంత వెడల్పు తేరి, ఇంక కొలది దినములలో మొదటి రెలుపునకు వచ్చునని బ్యారన్ గొట్టముల మసి దులుపుకొను పుష్యమాసపు దినములలో, ఒకనాటి యుదయమున మొక్క మొదట నేల సన్నగా బీటవారును. ఆ బీటలోనుండి తేగ మొన వంటిది, పచ్చదనము లేశమైనను లేనిది, పాలిపోయిన పసుపువన్నె మొటిక యొకటి తలయెత్తును. వారము తిరుగునప్పటికి అది జానెడు కాడయై, ఒంటినిండ వెలిసిన యూదారంగు పువ్వులు తొడిగి నిలుచును. ఆకు లేదు. తావి లేదు. దీనికి మల్లె యని పేరుపెట్టిన పుణ్యాత్ముడెవడో గాని, జొన్నచేలలో తెల్లని పువ్వులు పూయు దీని దాయాదిని చూచి మొదట ఆ పేరిడి, పిదప పొగాకుతోటలోని దానికిని అదియే తగిలించి యుందురని నా యూహ. జొన్నమల్లెయైనను పొగాకుమల్లెయైనను పైరు వేరును పట్టి పీల్చి బ్రదుకునదియే.

చిన్నతనమున ఒకసారి దీనిని మట్టిపెళ్లతో సహా పెల్లగించి, చెంబెడు నీటితో కడిగి చూచితిని. కాడ యడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బి, ఆ ఉబ్బునుండి బయలుదేరిన కురుచవేళ్లు గజిబిజిగా చుట్టుకొని, నడుమ పొగాకు వేరు నొకదానిని కరచుకొని యుండెను. ఎచ్చట పొగాకు ముగిసి ఎచ్చట మల్లె మొదలైనదో వ్రేలితో తడిమినను తెలియలేదు. రెండు ప్రాణుల నడుమ నుండవలసిన గట్టు అచ్చట లేదు. ముక్కుపొడుము నలుసుకంటె పెద్దది కాని విత్తనము, మిల్లీమీటరులో మూడవవంతైన లేనిది, వేరు నంటుకొన్న పిదప నెలదినములకు పైగా భూగర్భముననే యుండి తన పని కానిచ్చుకొని, అంతయు ముగిసిన తరువాత పూచుటకు మాత్రమే పైకి వచ్చును. కావున రైతునకు కనబడునది ఆపద రాక కాదు, దాని వీడ్కోలు. ఆ వీడ్కోలులోనే మరుసటి యాపద యున్నది: ఒక్క మొక్క లక్షకు మించి విత్తనములు రాల్చును, అవి పదేండ్లకు పైబడియు, తమకు తగిన వేరు సమీపమునకు వచ్చువరకు మట్టిలో నిద్రించును. గాలి మోయును, కాలువనీరు మోయును, గొఱ్ఱెల గిట్టలు మోయును. ఇప్పుడు ట్రాక్టరు చక్రములును మోయుచున్నవి.

నాకు పదియేండ్ల ప్రాయమున మా మేనమామ చేనిలో మల్లె లేచినది. అత డపుడు కూతురి పెండ్లి తలపెట్టి, తూర్పుగట్టున నున్న రెండెకరముల నల్లరేగడి అమ్మజూపి, బేరము కుదిరి, బయానా మాత్రము పుచ్చుకొనవలసి యుండెను. ఆ ఉదయమున నన్ను వెంటబెట్టుకొని సాళ్లవెంట నడచుచు, మొటిక కనబడిన చోటనెల్ల వంగి పెరికి, కండువాలో మూటగట్టి, గట్టుమీది తుమ్మచెట్టు మొదట గుమ్మరించెను. కొన్ని అప్పటికే పూచి కాయ కట్టినవి. ఆవలి చేనిలో నారు తడుపుచున్న పొరుగురైతు తలయెత్తి, "ఏంది బావా, మల్లె గాని లేసిందా?" అని యడిగెను. మా మామ కండువా దులుపుకొనుచు, "కలుపేలే బావా" అనెను. అందులో అసత్య మేమున్నది? మల్లె కలుపే కదా. కురుక్షేత్రమున ధర్మరాజు కుంజర మను మాటను ఎంత మెల్లగా పలికెనో నాకు తెలియదు గాని, మా మామ ఆ రెండవ మాటను పలుకనే లేదు. నాలుగు దినములకు బయానా ముట్టినది, ఫాల్గుణమున పెండ్లియైనది, పెండ్లిలో నాకు పట్టుచొక్కా కుట్టించిరి.

ఆ "కలుపేలే" అను మాట నన్ను చాల కాలము విడువలేదు. ఈ మల్లెను మానవుని అంతరంగమున దాగిన కామక్రోధములకు ఉపమించి, విత్తనములను వాసనలని, వేరును జీవుడని చెప్పి వేదాంతము నడిపించుట బహు సులభము, ఎవరైనను నడిపింపగలరు. నేనా దారిని పోదలచుకోలేదు. నాకు కావలసినది అంతకంటె చిన్న ప్రశ్న: తన చేనిలోని చీడను తానెరిగి చెప్పకుండుట అసత్యమగునా, కాదా? అగునేని, దాని పాపము ఎవరి గడపకు చేరును?

ముందుగా మల్లె విషయము తేల్చుకొందము. దానికి పాప మంటుటకు వీలున్నదో లేదో చూడవలెను గదా. శాస్త్రజ్ఞులు దీనిని పరాన్నజీవి యందురు. ఆ మాట మన స్మృతికారుల నోటినుండి వచ్చినట్లే యున్నది. ఎందుకనగా పరాన్నమును గూర్చి వారు చేసినంత విచారము మఱియెవ్వరును చేసి యుండరు. ఒకరి యన్నము తినువాడు వారి పాపమునందును పాలుపంచుకొనునని పెద్దలు చెప్పిరి. కాని వారములు చేసికొని, సోమవార మొక యింట, మంగళవార మొక యింట తిని చదువుకొన్న పిల్లవానిని ఏ స్మృతియు నిందింపలేదు. ఇంటి ఇల్లాలు వాని కొఱకు గరిటె యెత్తి పట్టుకొని నిలుచుటయు ఎరుగుదుము. జొన్నమల్లె కొంత యీ విద్యార్థి వంటిది. దాని యాకు పచ్చనిది, కొంత తిండి తానే వండుకొనును, చాలని దానికై పొరుగింటికి పోవును. పొగాకుమల్లె యట్లు కాదు. ఎండతో అన్నము వండు విద్యను దాని జాతి యెన్నడో మరచిపోయినది. పొయ్యి లేదు, కుండ లేదు, ఉన్నది నోరు మాత్రమే. మరచిన విద్యకు శిక్ష వేయు న్యాయస్థాన మేది? చెట్లకొమ్మలపై పెరుగు బదనికకు మన నిఘంటుకారులు వృక్షాదని యని, చెట్టును తినునదని, పేరుపెట్టిరి. అది స్వభావకథనమే గాని అభియోగము కాదు.

మఱియొక చిక్కున్నది. ఈ మొక్కను దేశదేశముల రైతులు చొరబాటుదారని పిలుతురు. మన చేలలో ఎవరు ఎవరి యింట చొచ్చినట్లు? పొగాకు సముద్రముల కావలినుండి, పోర్చుగీసువారి యోడలలో వచ్చినది. గుంటూరు సీమలో వర్జీనియా రకము వేళ్లూని నూరేండ్లు మాత్రమే యైనది. మల్లెయో, ఈ పాతప్రపంచపుదే. పరదేశపు అతిథిని స్వదేశపు బిచ్చగాడు పట్టి పీల్చుచుండగా, ఆ అతిథి తరఫున మనము కోపగించుచున్నాము. అమెరికాలో వ్యవహారము తలక్రిందులు: అచ్చట మొక్కజొన్న ఆ భూమి బిడ్డ, జొన్నమల్లె మన పాతప్రపంచమునుండి పోయినది. కాబట్టి చొరబాటను మాట మొక్కను గూర్చి చెప్పునదానికంటె చెప్పువాని పంటను గూర్చియే యెక్కువ చెప్పును. అంతమాత్రముచేత మల్లె పెరుకుట తప్పని నేననను. సేద్యమే హింసతో కూడినదని, నాగటిచాలు పొడవునను ప్రాణులు చచ్చునని మిథిలలోని మాంసవిక్రయి ధర్మవ్యాధుడు బ్రాహ్మణునకు నిస్సంకోచముగా చెప్పెను. తినువాడు ఆ లెక్కనుండి తప్పించుకొనజాలడు. ఇంక దానిమీద వాదులాట యనవసరము.

అసలు చిక్కు చంపుటలో లేదు, చెప్పుటలో నున్నది. భారతమున కర్ణపర్వములో శ్రీకృష్ణుడు అర్జునునకు రెండు కథలు ఒక దాని వెంట నొకటి చెప్పును. బలాకుడను వేటకాడు సర్వభూతముల నంతమొందించుటకు వరము పొందిన గ్రుడ్డి మృగము నొకదానిని కొట్టి స్వర్గమునకు పోయెను. కౌశికుడను తపస్వి, సత్యమే పలుకుదునని వ్రతము పట్టి, దొంగలచే తరుమబడి అడవిలో దాగిన జనుల చోటు దొంగ లడుగగా ఉన్నదున్నట్లు చెప్పి, వారు చంపబడగా నరకమునకు పోయెను. హంతకునకు స్వర్గము, సత్యవ్రతునకు నరకము! నేను బాల్యమున ఈ కథ విన్నపుడు కౌశికునిపై జాలిపడితిని. మల్లె సంగతి తెలిసిన పిదప అతని తప్పు నాకు తేటపడినది: తన మాట తన నోటినుండి వెడలిన పిదప ఎచ్చటికి పోవునో అతడు చూడలేదు. అతనికి తన వ్రతము కనబడెను, పొదలోని మనుష్యులు కనబడలేదు. మా మామకు తన రెండెకరములు కనబడెను, గట్టునకావల నారు తడుపుచున్నవాడు కనబడలేదు. ఒకడు పలికి చెఱచెను, ఒకడు మిన్నకుండి చెఱచెను. ఇరువురి దోషమును ఒక్కటే.

ఇచ్చట మట్టిక్రింద జరుగు వింత యొకటి చెప్పక తీరదు. మల్లె విత్తనము ఏండ్ల తరబడి నిద్రించి, తగిన వేరు సమీపించినపుడే మేల్కొనునంటిని గదా. దానిని మేల్కొలుపునది ఆ వేరు స్రవించు అత్యల్పమైన యొక ద్రవ్యము. అట్టిదానిని 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రత్తివేళ్లనుండి మొదటిసారిగా వేరుచేసి, జొన్నమల్లె శాస్త్రనామమగు స్ట్రైగా పేరిట స్ట్రైగాల్ అనిరి. మొక్క తన శత్రువును తానే ఎందుకు పిలుచుకొనునో దాదాపు నలువదియేండ్లు ఎవరికిని బోధపడలేదు. 2005లో జపానువారు తేల్చినది వినుడు: ఆ పిలుపు శత్రువునకు కాదు. భాస్వరము చాలని నేలలో ఆకలిగొన్న వేరు, తనకు తోడ్పడు శిలీంధ్ర మొకదానిని, నేలలోని భాస్వరమును తెచ్చి యిచ్చు నేస్తమును, రమ్మని పెట్టు కేక యది. మల్లె ఆ కేకను చాటునుండి వినును. అందుచేతనే బీదనేలలోని పైరునకు దీని బాధ మెండు. ఆకలిగొన్నవాడు గట్టిగా పిలువక తప్పదు, పిలిచినచో దొంగకును వినబడక తప్పదు. ఈ యొక్క సంగతి తెలిసినపుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

రైతులు ఈ రహస్యము తెలియకయే దానిని వాడుకొనుచు వచ్చిరి. పొగాకు వేయబోవు నేలలో ముందుగా నువ్వులో పెసలో జొన్నయో వేసినచో మల్లె తగ్గునని అనుభవము. వీనిని ఎరపంట లందురు. వీని వేళ్ల పిలుపు విని పొగాకుమల్లె విత్తనము మేల్కొని మొలచును. కాని పట్టుకొని పీల్చుటకు అవి దానికి చిక్కవు. మొలచినది నాలుగు దినములలో ఆకలితో మాడును. జొన్నమల్లెకు ప్రత్తి యట్టిది. కరోలినాలో అమెరికా ప్రభుత్వమువా రింకను ముందుకు పోయి, పండ్లను మాగించు ఎథిలీన్ వాయువును నేలలోనికి ఎక్కించి, పైరే లేని చేనిలో విత్తనములను మేల్కొలిపి చంపిరి. ఇది పచ్చి మోసము. లేని అన్నమునకు విస్తరి వేసి పిలుచుట. అయినను కృష్ణుని కొలతబద్దతో కొలిచినచో, ఈ మోసమున రైతునకు దోషము లేదని నా నిశ్చయము. పొరుగువానితో "కలుపేలే" యనుటలో ఉన్నది. విత్తనముతో మనకు మాటపట్టింపు లేదు; గట్టునకావలివానితో ఉన్నది. అతడు మన మాట నమ్మి తన చేను చూచుకొనడు. మన యుత్తరువు లేకయే మన విత్తనము అతని చేను చేరును.

స్మృతులు ఈ సంగతిని గట్టిగనే పట్టుకొన్నవి. కన్యకు గల లోపమును చెప్పక వివాహము చేయువానికి దండన విధించిరి. ఒక సరకును మఱియొక దానితో కలిపియు, నాసిదానిని మంచిదనియు, దూరమున నుంచియు, కప్పిపెట్టియు అమ్మరాదని మనువు శాసించెను. ఆ లెక్కను మా మామ కూతురి పెండ్లి యే సొమ్ముతో జరిగినదో చెప్పనక్కరలేదు. నేను ధరించిన పట్టుచొక్కా అందులోనిదే.

అయితే ధర్మము అంతటితో ముగియలేదు. మా మామ ఆనాడు "మల్లె లేచినది బావా" అని గట్టుమీద నిలిచి కేకవేసి యుండినచో ఏమగును? బేరము తప్పును, పెండ్లి ఆగును, పొలము ధర పడును. పొరుగువాడు తన సాళ్లు చూచుకొని బాగుపడును. లాభ మందరిది, నష్టము చెప్పినవాని యొక్కనిది. ఈ లెక్క సరిపెట్టనిదే సత్యమేవ యని గోడలపై వ్రాసికొని ప్రయోజనము లేదు. కరోలినా కథ యిచ్చట జ్ఞప్తికి వచ్చును. 1956లో అచ్చటి మొక్కజొన్న చేలు కారణము తెలియక ఎండుచుండగా, వాని మొదళ్ల నిలిచిన ఎఱ్ఱపువ్వుల మొక్కను అచ్చటివా రెవరును గుర్తింపలేకపోయిరట. అచ్చట చదువుకొనుచున్న భారతీయ విద్యార్థి యొకడు, మన జొన్నమల్లె తెల్లనిదైనను, పోలిక పట్టి ఇది మా దేశపు స్ట్రైగా యని చెప్పెనందురు. మరుసటి సంవత్సరమే ఆ సీమకు దిగ్బంధ శాసనము వచ్చినది. మట్టి యంటిన యంత్రము గాని, వేరు గల పంట గాని శుద్ధి చేయక పొలిమేర దాటరాదు. నాలుగు లక్షల యెకరములకు పైగా వ్యాపించినదానిని దశాబ్దముల పాటు వెంటాడి, నూటికి 99 పాళ్లు తుడిచివేసిరి. మందునకు, వాయువునకు, వెదకుటకు అయిన వ్యయమును ప్రధానముగ ప్రభుత్వమే మోసినది. అందుచేత చెప్పినవాడు తన చేనితో పాటు తాను మునిగిపోలేదు.

కాలిఫోర్నియాలో వేరొక రీతి. అచ్చటి టమాటా చేలలో పొగాకుమల్లెకు అప్పచెల్లెలు, కొమ్మలు వేయు జాతి, ఏనాడో పోయినదనుకొన్నది, 2017లో మరల కనబడినది. కనబడినదని తెలిపినచో అప్పుడు ఆ మడిని దిగ్బంధించి, కాచిన కాయను కోయనీయక పంటను నాశము చేయించుచుండిరి. ఆపైని ఆ మడిలో దానికి ఆతిథ్యమిచ్చు పైరు వేయనీయకుండిరి. ఊరి మేలు కోరి చేసిన నియమమే, అవసరమైనదియు కావచ్చును. కాని తెల్లవారి లేచి తన చేనిలో ఆ పసుపు మొటికను చూచిన రైతు చేయి ముందుగా దేనివైపు పోవును? దూరవాణివైపా, పారవైపా? మా మామ కండువా నాకు ఆ చేలలోను కనబడును. సత్యము చెప్పుమని ఆజ్ఞాపించు రాజు, చెప్పినవాని యిల్లు కూలునపుడు తన ధనాగారపు తలుపు మూసికొన్నచో, ఆ రాజ్యమున మల్లె పూయుచునే యుండును. అట్లని మా మామను నేను విడిచిపెట్టను. రాజు తన పాలు ఇయ్యకున్నను పొరుగువాడు అడిగినది ఒక్క మాట. దానికి శాసనముతో పనిలేదు.

ముప్పదియేండ్ల తరువాత, మా మామకు చూపు మందగించిన దినములలో, ఒక పుష్యమాసపు టుదయమున అతనిని చేయిపట్టుకొని ఆ తూర్పుగట్టునకు తీసికొనిపోతిని. కొన్నవాని కుమారుడు, పాతికేండ్లవాడు, సాలులో గొంతు కూర్చొని యుండెను. ప్రక్కన గోనెసంచి, చేతిలో చిన్న సీసాతో వేపనూనె, కొసకు గుడ్డ చుట్టిన పుల్ల. పూచినవానిని పెరికి సంచిలో వేయుచు, అప్పుడే తలయెత్తిన మొటికలపై రెండేసి చుక్కలు పడునట్లు పుల్ల తాకించుచుండెను. నూనె తగిలిన మొటిక నల్లబారి నీరసించునట. నడుమ నడుమ లేచి, ఆవలి చేనివైపు చేయెత్తి, "మావా, మాకు మల్లె లేసింది, నీ సాళ్లు ఓసారి చూసుకో" అని కేకవేయుచుండెను. ఆవలినుండి "చూశాలే, మాకూ నాలుగున్నయ్" అని బదులు వచ్చినది.

మా మామ గట్టుమీద నిలువబడి కొంతసేపు విని, "ఎప్పట్నుంచి ఉందయ్యా ఈ చేన్లో?" అని యడిగెను.

"మా నాయన కొన్న కాడ్నుంచీ."

"కొనకముందు నుంచీ ఉంది," అనెను మా మామ. "నాకు తెలుసు. చెప్పలా."

ఆ పిల్లవాడు పుల్లను సీసాలో ముంచుచు, తలయెత్తకయే, "మా నాయనకీ తెలుసు తాతా. ఆ తుమ్మచెట్టు కింద ఎండిన మోళ్లు కొన్న యేడే చూశాడంట. చెబితే మళ్లీ ఎవరు కొంటారని ఆయనా నోరెత్తలా" అని, ఇంకొక మొటిక వైపు జరిగి, "కాస్త ఆ సంచి నోరు తెరిచి పట్టుకో, పువ్వు రాలకుండా వెయ్యాలి" అనెను.

మా మామ చేతికఱ్ఱ నాకిచ్చి, సాలులోనికి దిగెను.